మెలకువలో చెప్పని మాట

మార్లిస్ పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఊరందరికీ తెలిశాక గానీ కెండ్రాకు తెలియలేదు. తెలిసేసరికి, ఆ ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సింది తనేనని కూడా తెలిసింది.

"తెలిసినవాళ్ళకి నేను మత్తివ్వడం బాగుంటుందా?" అని డ్వేన్‌ను అడిగింది. ఆ ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి మత్తు ఇస్తున్న నర్సు డ్వేన్. ఇప్పుడు ఆమెకు పని నేర్పుతున్నాడు.

"అందరికీ అందరూ తెలిసిన ఈ డకోటా ఊళ్ళలో తెలియనివాళ్ళే కావాలంటే, రోడ్డు మీద బీట్‌దుంపల లారీలు ఆపి డ్రైవర్లని దింపుకు రావాలమ్మా," అన్నాడు.

కెండ్రా ఆరేళ్ళు ఐసీయూలో మార్లిస్ చేతికింద నర్సుగా పనిచేసింది. గొంతులో గొట్టం ఉన్న మనిషి కనుబొమ ముడిస్తే దానికి అర్థమేమిటో, మొగుడు పోయిన ఆవిడ పక్కన నోరు మూసుకుని ఎలా కూర్చోవాలో అన్నీ మార్లిస్ నేర్పినవే. మత్తు ఇచ్చే నర్సు చదువుకు సీటొచ్చిందని, మూడేళ్ళపాటు ఉద్యోగం మానేయాలని చెప్పిన రోజున ఆ మార్లిస్సే మొహం మాడ్చుకుంది. "ఇక్కడ మనం మనుషులు కళ్ళు తెరిచేదాకా కాపలా కాస్తాం. నువ్వేమో వాళ్ళ కళ్ళు మూయించడం నేర్చుకుంటానంటావు. పో," అంది. వీడ్కోలు రోజున అందరూ తలో వంటకం తెచ్చారు. మార్లిస్ సెలవు పెట్టింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. క్రిస్మస్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు కూడా.

మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా రోగి గొంతులో గొట్టం సరిగ్గా దించిన రోజున, కెండ్రాకు ముందు గుర్తొచ్చింది కన్నతల్లి కాదు, మార్లిస్. ఫోనులో ఆ పేరు దాకా వెళ్ళి, నొక్కలేక పక్కన పెట్టేసింది. 'నువ్వు వెళ్ళడం తప్పు కాదే' అన్న ఒక్క మాట ఆవిడ నోట వినాలి. ఎంత పెద్ద పట్టా అయినా ఆ మాట ముందు దిగదుడుపే.

ఆపరేషన్ రోజు మార్లిస్ ఆస్పత్రి గౌనులో చిక్కి సగమై కనిపించింది. నోరు మాత్రం చిక్కలేదు.

"సెలైన్ సూది గుచ్చడమన్నా గుర్తుందా, అదీ మర్చిపోయావా?"

"మీరు నేర్పిందేగా. నొప్పెట్టిందా?"

"లేదు. అదే చూస్తున్నా."

ఆ ముక్కకే కెండ్రా కడుపు నిండిపోయింది.

డ్వేన్ గుమ్మంలో నిలబడి గడియారం చూశాడు. లోపల సర్జన్ చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. భయం తగ్గించే మందు కెండ్రా చేతిలోని సిరంజిలో ఉంది. అది పడ్డాక మనిషి మాట్లాడుతూనే ఉంటుంది గానీ, మాట్లాడింది ఒక్కటీ తర్వాత గుర్తుండదు.

"కెండ్రా, నీకో మాట చెప్పాలని రాత్రంతా అనుకున్నా," అంది మార్లిస్.

ఆగాల్సింది. సిరంజి పక్కన పెట్టి, డ్వేన్ ఏమనుకున్నా సరే, వినాల్సింది. కానీ అంత శిక్షణా ఊరికే పోతుందా? బొటనవేలు సిరంజిని పూర్తిగా నొక్కేశాక గానీ నోరు "చెప్పండి" అనలేదు.

మార్లిస్ పైకప్పు వంక చూసి నవ్వుకుంది. మంచాన్ని నడవాలో తోసుకుపోతుండగా, మందమైన నాలుకతో మొదలుపెట్టింది.

"నాకూ సీటొచ్చిందే, నీ వయసులో. పొలం, పిల్లలు అని చెప్పా అందరికీ. అన్నీ వంకలే. భయమేసి మానేశా. నువ్వెళ్తానంటే కుళ్ళు పుట్టింది నాకు. నువ్వు చేసింది తప్పేం కాదు పిల్లా. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ఏడ్చా."

కెండ్రాకు కళ్ళు మసకబారాయి. ఇంకోసారి అనమని అడగాలనిపించింది గానీ, ఆపరేషన్ గది తలుపులు తెరుచుకున్నాయి. మార్లిస్ తల దగ్గర నిలబడి, ఊపిరి ఊపిరికీ ఆమెను కంటికి రెప్పలా కాచింది.

మత్తిచ్చినవాళ్ళు మర్నాడు వెళ్ళి రోగిని పలకరించి రావడం ఆనవాయితీ. కెండ్రా వెళ్ళేసరికి మార్లిస్ లేచి కూర్చుని, జెల్లీ తింటూ వంటింటివాళ్ళను తిడుతోంది.

"వాంతులేమైనా? గొంతు నొప్పి?"

"ఏం లేవు. బాగానే చేశావు." చెంచా గిన్నెలో పెట్టింది. "నిన్న నీకో మాట చెప్పాలనుకున్నా. చెప్పానా?"

'చెప్పారు' అంటే అక్కడితో అయిపోతుంది. కానీ అది మందు చెరిపేసిన మాట. తన కళ్ళలోకి చూస్తూ, పూర్తి మెలకువలో, రేపు కూడా గుర్తుండేలా చెప్పిన మాట కావాలి కెండ్రాకు. ఆశకు అంతెక్కడ?

"లేదు, చెప్పలేదు," అంది. "ఇప్పుడు చెప్పండి."

మార్లిస్ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది.

"హమ్మయ్య. కత్తి కిందికి వెళ్ళేముందు లేనిపోని మాటలన్నీ పుట్టుకొస్తాయి మనిషికి. చెప్పకపోవడమే మంచిదైంది."

"పర్లేదు మార్లిస్, చెప్పండి."

"ఏం లేదంటున్నానా."

మీరు చెప్పారు, నేను విన్నాను అని కెండ్రా నోటిదాకా వచ్చింది. తన అబద్ధం బయటపడితే పడనీ. కానీ ఇంట్లో కూర్చుని ఏడ్చిన సంగతి తనకు తెలుసని తెలిస్తే, ఈ మనిషి ఇక జన్మలో తన మొహం చూడదు. మాట మింగేసుకుని దుప్పటి సర్దింది.

మార్లిస్ మళ్ళీ చెంచా అందుకుంది. అవతల ఇంకో రోగి దగ్గరికి వెళ్ళే వేళ దాటిపోతున్నా, ఇంకేమైనా అంటుందేమోనని, కెండ్రా సరిగ్గా ఉన్న దుప్పటినే మళ్ళీ సర్దుతూ నిలబడింది.