వేలు తీశాక కూడా ఆగని కూత

మూడు వారాలుగా ఆమె విమానం పది నిమిషాలు గాలిలో నిలవలేదు. ఇంజను లేని చిన్న విమానం అది. రబ్బరు తాడుతో లాగి వదిలితే పైకి లేస్తుంది. ఆ తర్వాత గాలి దయ, కింద రిమోట్ పట్టుకున్న చేతి నేర్పు. ఈ రోజు పది నిమిషాలు నిలిపితే క్లబ్బు జట్టులో మిగిలిన ఒక్క చోటు ఆమెది. లేకపోతే లేదు.

స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నిలబడ్డది జట్టు పెద్ద, ఆమె మరిది.

“వదినా, సొంత మనిషివని ఒక్క సెకను కూడా కలపను.”

“కలిపి చూడు, నీ చొక్కాకు గుండీలు కుట్టేదెవరో.”

ఆమె చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. విమానంలో ఎత్తును కనిపెట్టే పరికరం, వేరియోమీటర్, విమానం ఎక్కుతుంటే కీచుమని కూస్తుంది, దిగుతుంటే బొంగురుగా మూలుగుతుంది. ఆరో నిమిషం దాకా మూలుగే. విమానం మైదానం చివరి రేకుల షెడ్డు మీదికి దిగివచ్చింది.

అప్పుడు కూసింది.

ఆమెకు గండం అక్కడే. పోయిన మూడుసార్లూ ఈ కూతనే నమ్మింది. కిందికి పోతోందన్న భయంతో తన బొటనవేలే రిమోట్ మీది స్టిక్‌ను వెనక్కి లాగేది. విమానం ముక్కెత్తి, ఉన్న వేగం ఖర్చుపెట్టుకుని, రెండు క్షణాలు లేచేది. తన కోరికే కూతగా తిరిగొచ్చి తనకు శుభవార్త చెప్పేది. పైకెత్తే గాలి దొరికిందనుకుని అక్కడే చుట్టూ తిప్పేది, విమానం మునిగేది.

కుట్టుమిషన్ ముందు కూర్చున్న కొత్తవాళ్లకు ఆమె రోజూ చెప్పే మాట ఒకటుంది: “గుడ్డ లాగకమ్మా. దారి చూపించు, మిషనే తీసుకుంటుంది.” పాతికేళ్లు ఇతరుల చేతుల్లో కనిపెట్టిన తొందర తన వేలిలోనే కాపురముంటోందని ఇప్పుడు తెలిసింది.

స్టిక్ మీది నుంచి వేలు తీసేసింది.

“వదినా, వేలు...”

“ఊరుకో.”

విమానం తనంతట తానే తిన్నగా సాగింది. ఒక సెకను, రెండు, మూడు, నాలుగు. కూత ఆగలేదు. ఇది వేలి మాట కాదు, గాలి మాటే. అప్పుడు వేలు ఆనించి, రవికె మెడ వంపు కత్తిరించేటప్పటి నిదానంతో చుట్టూ తిప్పింది. ఎండకు కాగిన రేకుల మీది వెచ్చటి గాలి దాన్ని ఎత్తుకుంది.

“పది నిమిషాలు,” అన్నాడు మరిది. తర్వాత, “పన్నెండు. చోటు నీదే, ఇక దించు.”

గర్వం అన్న మాట ఆమె తన గురించి ఎన్నడూ వాడుకోలేదు. ఇప్పుడు మనసులో, మొహమాటం లేకుండా వాడుకుంది.

“ఎక్కుతుంటే ఎందుకు దించాలి?”

“నా మెడ పట్టేసింది వదినా.”

“నువ్వు కూర్చోరాదూ,” అంది కళ్లు దించకుండా.