నిస్సీ తెరిపించిన కంటైనరు

నిస్సీది దివిసీమలో నాగాయలంక. కెమిస్ట్రీ చదువుకుని, బందరులో రేవు సరుకు దింపే ఓ కంటైనర్ యార్డులో ఉద్యోగానికి చేరి ఎనిమిది నెలలైంది. మండేవి, పేలేవి, విషం చిమ్మేవి వచ్చినప్పుడు తలుపు తీయించి, లోపలి సరుకు కాగితాలతో సరిపోయిందో లేదో చూడడం ఆమె పని. అనుమానం వస్తే దేన్నయినా ఆపవచ్చు.

ఆ మంగళవారం పొద్దున గుడివాడ నుంచి పూర్ణచంద్రరావు లారీ తీసుకుని వచ్చాడు. నలభై ఎకరాల రొయ్యల చెరువులు ఆయనవి. పక్కవాళ్ల చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు కనబడిందట, కాలు నిలవడం లేదు.

"అమ్మాయ్, చెరువుల్లో చల్లే మినరల్ పౌడరు. ఓ సంతకం పడేస్తే వెళ్లిపోతాను."

"అలాగేనండీ. ఒక్కసారి తలుపు తీసి చూద్దాం."

"మట్టిలాంటి పౌడర్లో చూసేదేముందమ్మా?"

నిస్సీ ఆయన సరుకున్న కంటైనరు చుట్టూ తిరిగింది. షెడ్డు నీడలోనే ఉన్నా ఒక మూల రేకు వేడిగా తగిలింది. తలుపు దగ్గరికి రాగానే ముక్కు చుర్రుమంది. వరద తీసినప్పుడల్లా వాళ్ల ఊళ్లో బావుల్లో చల్లే మందు వాసన అది. చిన్నప్పుడు ఆ మందు చల్లే వాళ్లమ్మ వెనకాల ముక్కు మూసుకుని తిరిగేది.

"ఇది మట్టి కాదండీ, బ్లీచింగు! దగ్గరికి రాకండి."

పూర్ణచంద్రరావు అప్పటికప్పుడు సరుకు పంపినవాడికి ఫోన్ చేశాడు. అవతలివాడు నీళ్లు నమిలాడు. తెగులుకి చల్లేది బ్లీచింగేనన్నాడు. ప్రమాదకరమైన సరుకని రాస్తే ఆలస్యమవుతుందని మినరల్ అని రాసేశామన్నాడు.

నిస్సీ మాస్కు వేసుకుంది. గాలి వీపుకి తగిలేలా నిలబడి, ఫోర్క్‌లిఫ్టు నడిపే క్రాంతి కుమార్ చేత తలుపు తీయించింది. లోపల ఒక డ్రమ్ము పగిలి తెల్లపొడి కిందికి కారి ఉంది. ఎవరో మరిచిపోయిన నూనె గుడ్డల మీద పడింది. అక్కణ్ణుంచి సన్నగా పొగ లేస్తోంది.

"మేడమ్, అంటుకునేట్టుంది!" అన్నాడు క్రాంతి కుమార్.

"నీళ్లు! పైపు పూర్తిగా వదులు. నేను చెప్పేదాకా ఆపకు."

తను పొడవాటి ఇనప కొక్కెంతో గుడ్డల్ని ఒక్కొక్కటే బయటికి లాగి నీళ్ల పీపాలో ముంచింది. ఇరవై నిమిషాలకు పొగ చచ్చింది. మాస్కు తీసి పక్కన పెట్టింది. నేల మీద చతికిలపడింది. తల నుంచి కాలి దాకా తడిసి ముద్దయిన క్రాంతి కుమార్‌ని చూస్తే నవ్వాగలేదు. అతనూ నవ్వేశాడు.

అప్పుడు లారీలో రెండు పెద్ద క్యాన్లు ఆమె కంటపడ్డాయి.

"అవేంటండీ?"

"చెరువులో గాలి ఆడించే ఏరేటర్ల జనరేటరుకి డీజిలమ్మా. డ్రమ్ముల మధ్య కదలకుండా ఇరికిద్దామని..." పూర్ణచంద్రరావు నూనె గుడ్డలు ముంచిన పీపా వైపు చూశాడు. ఆయన వెళ్లి ఆ క్యాన్లను తనే మోసుకొచ్చి గేటు బయట దూరంగా పెట్టాడు.

అసలు పేరుతో కాగితాలు మార్చి, డ్రమ్ముల మీద పసుపుపచ్చ హెచ్చరిక గుర్తులు అంటించేసరికి గురువారమైంది. ఈలోగా ఆయన చెరువులకి తెగులు సోకలేదు. సగం గుర్తులు ఆయనే అంటించాడు, రెండు తలకిందులుగా. నిస్సీ మళ్లీ అంటించింది.

"ఆదివారం మా రైతులందరికీ ఇది మీరే చెప్పాలి మేడమ్ గారూ."

"అమ్మాయ్ అనండి చాలు. చర్చి అయ్యాక వస్తాను."

ఆదివారం గుడివాడలో ఆయన ఇంటి వరండాలో పాతికమంది రైతులు కూర్చున్నారు. ఏ మందు దేని పక్కన పెట్టకూడదో నిస్సీ చెబుతుంటే ఒకాయన రాసుకున్నాడు, ఇంకొకాయన వీడియో తీసుకున్నాడు. అంతలో పూర్ణచంద్రరావు భార్య మంగతాయారు లోపల్నించి రెండు డబ్బాలు పట్టుకొచ్చింది. ఒకటి బ్లీచింగు, ఒకటి బాత్రూము యాసిడ్.

"బాత్రూము తెల్లగా వస్తుందని రెండూ కలిపి కడుగుతానమ్మా. కళ్లు మండి, ఒకటే దగ్గు."

నిస్సీ ఆ రెండింటినీ చటుక్కున లాక్కుంది. "అయ్యో, ఎప్పుడూ కలపకండి ఆంటీ! విషవాయువు వస్తుంది."

"విన్నారా?" మంగతాయారు మొగుడి వైపు తిరిగింది. "ఆర్నెల్లుగా సీరియల్ చూసి ఏడుస్తున్నానంటున్నారు!"

వరండా అంతా గొల్లున నవ్వింది. పూర్ణచంద్రరావు లేచి, పెళ్లాం వైపు చూడకుండా, బాత్రూము కిటికీలు తెరవడానికి లోపలికి నడిచాడు.