కోనాపూర్ నర్సింగ్ ఆఖరి కూత

నర్సింగ్ వస్తున్నాడన్న కబురుతో బహ్లా లేబర్ క్యాంపులో ఎవరికీ అన్నం సహించలేదు. అంటే, తిన్నారనుకోండి. ఈద్ సెలవుల్లో మటన్ ఎవరు వదులుతారు! కానీ తింటున్నంతసేపూ ఒకటే రచ్చ. వాడు గ్రౌండులోకి దిగినప్పుడు మనం ఏం చెయ్యాలి?

రెండేళ్ళ క్రితం దాకా ఈ క్యాంపు కబడ్డీ టీముకు నర్సింగే ప్రాణం. కూతకు వెళ్ళాడంటే ఎవరో ఒకరిని ముట్టుకోకుండా తిరిగొచ్చేవాడు కాదు. తర్వాత రైసూత్ రేవులో ఒక కంపెనీ క్రేన్ ఆపరేటర్ పని ఇస్తామంటే పాత కంపెనీ నుంచి రిలీజ్ కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాడు ఇంకాస్త మంచి పని దొరికితే పోకుండా ఉంటాడా? అవకాశం దొరక్క ఉండిపోయినవాళ్ళే గానీ, దొరికితే ఈ క్యాంపులో నిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా క్యాంపు దాన్ని నమ్మకద్రోహం కిందే జమ కట్టింది. ఇప్పుడు అతను రైసూత్ టీముతో ఈద్ పోటీలకు వస్తున్నాడు.

ఈలలేసి గేలి చెయ్యాలని ఒకరన్నారు. వీపు తిప్పి కూర్చోవాలని ఇంకొకరన్నారు. కెప్టెన్ వీరబ్రహ్మం, కడప మనిషి, కంచం పక్కకు నెట్టి తేల్చేశాడు.

“ఎగతాళొద్దు, ఈలలొద్దు. వాడెవుడో మనకు తెలీదు, అంతే. ఎవుడన్నా వాని ఊరు పలికినాడంటే మళ్ళ నా మొగం చూడాల్సిన పన్లేదు.”

ఊరు పలకడం ఆ క్యాంపు ఆచారం. కూతకు వెళ్ళేవాడు నడిగీత దగ్గరికి రాగానే వాడి ఊరి పేరెత్తి అందరూ ఒక్కసారి అరుస్తారు. గీత దాటాడా, ఇక నోళ్ళు మూతపడాల్సిందే. ఊపిరి బిగబట్టి కూతపెట్టేవాడి చెవిన సొంతూరి పేరు పడితే మనసు అటు లాగేస్తుంది. కూత తెగిందంటే ఔటు.

మూలన కూర్చున్న దేవదాసు కంచంలోంచి తల ఎత్తలేదు. నర్సింగ్‌ది కోనాపూర్. అతనిదీ కోనాపూరే. యాభై దాటిన షట్టరింగ్ పనివాడు, ఆట చూడ్డమే గానీ ఆడింది లేదు. నర్సింగ్ పై మంచం, అతను కింది మంచం. కాకా అని పిలిచేవాడు నర్సింగ్. డ్యూటీ అయ్యాక ఎవరి చేన్లో బోరు పడిందీ, ఎవరి బర్రె ఈనిందీ చెప్పుకుంటూ ఉంటే వంట చల్లారిపోయేది. ఇప్పుడు పై మంచంలో ఒక బంగ్లాదేశ్ మనిషి. మంచివాడే, కానీ కోనాపూర్ బర్రెల సంగతి ఆయనకెందుకు?

మొదట్లో నర్సింగ్ ఫోన్లు చేసేవాడు. అందరి ముందూ ఎత్తితే ఏమంటారోనని దేవదాసు ఎత్తలేదు. తర్వాత తానే చేద్దామంటే మొహం చెల్లలేదు. కొన్నాళ్ళకు ఆ ఫోన్లూ ఆగిపోయాయి. అప్పట్నుంచి రోజంతా మాట్లాడినా, మాట్లాడినట్టే ఉండదు అతనికి. అంతమంది మధ్య పడుకుని దిక్కులేనివాడిలా పైకప్పు చూసేవాడు.

ఒక్కసారి కోనాపూర్ అని అరిస్తే చాలు, ఫోన్ ఎత్తని కాక ఇంకా నీవాడేనని నర్సింగ్‌కు తెలుస్తుంది. కానీ అరిచాక బతకాల్సింది ఈ క్యాంపులోనే.

ఎండ చల్లబడ్డాక ఖర్జూర తోట పక్కన ఆట మొదలైంది. రైసూత్ బస్సు ఆలస్యంగా వచ్చింది కాబట్టి పలకరింపులకు వ్యవధి లేదు. నర్సింగ్ కొంచెం ఒళ్ళు చేశాడు. పాతవాళ్ళను చూసి నవ్వుతూ చెయ్యెత్తాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. అతని చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండి దిగింది. అందరితోబాటు దేవదాసు కూడా ఇసుక వంకే చూశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. పాయింట్లు సమానం. ఆఖరి కూత నర్సింగ్‌ది. నేలకు దణ్ణం పెట్టుకుని గీత దాకా వచ్చి ఆగాడు. ఆగాల్సిన అవసరం లేదు. పాత అలవాటు. ఊరు పలుకుతారని ఆగాడు.

ఎవరూ పలకలేదు. దేవదాసు నోరు తెరిచాడు. అటూ ఇటూ మొహాలు చూశాడు. మళ్ళీ నోరు మూసేశాడు.

నర్సింగ్ తల దించుకుని గీత దాటాడు. ఆ దించుకున్న తల చూశాక దేవదాసుకు క్యాంపు గుర్తులేదు, వీరబ్రహ్మం గుర్తులేడు, ఆటా గుర్తులేదు.

“కోనాపూర్!”

రెండేళ్ళుగా దిగమింగుకున్నదంతా ఆ అరుపులో బయటికొచ్చింది. నర్సింగ్ చటుక్కున తల తిప్పాడు. మొహం ఒక్కసారి విచ్చుకుంది. అంతే, కూత తెగింది. రిఫరీ ఈల వేశాడు.

క్యాంపు క్యాంపంతా లేచి గంతులేసింది. వీరబ్రహ్మం పరుగెత్తుకొచ్చి దేవదాసును అమాంతం ఎత్తేశాడు.

“యేం బుర్ర పెద్దాయనా నీది! మేమంతా నోరు మూసుకోని కూచుంటే, యాడ కొట్టాల్నో ఆడ కొట్టినావు!”

“గట్ల కాదు, నేను గందుకు పిలువలే” అన్నాడు దేవదాసు. ఆ గోలలో అతని మాట ఎవరు వింటారు? పైనుంచి చూస్తే నర్సింగ్ ఇంకా గ్రౌండు మధ్యలోనే ఉన్నాడు. విచ్చుకున్న మొహం ముడుచుకుపోయింది.

ఎలాగో విడిపించుకుని బస్సు దగ్గరికి ఉరికాడు. నర్సింగ్ సీసాలో నీళ్ళతో కాళ్ళకంటిన ఇసుక కడుక్కుంటున్నాడు.

“నర్సింగా, నిన్ను ఓడగొట్టనీకె పిలువలేదు బిడ్డా. పాణం ఆగక పిలిచిన. జర లేటయింది, గంతే.”

నర్సింగ్ సీసా మూత బిగించాడు. మెట్టెక్కి, వెనక్కి తిరిగాడు.

“గీత దాటినంక ఊరు పిలువొద్దని నాకు చెప్పిందే నువ్వు గద కాకా.”

ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే దేవదాసు కాళ్ళయినా పట్టుకునేవాడు.