పిండిలో పోసే చెయ్యి

తమ్ముడు దగ్గు మందు సీసాలో బ్రాందీ పోసుకుని అన్న ఇంటికి బయలుదేరాడు. పోసే ముందు సీసాను వేడినీళ్ళతో కడిగాడు. మూత బిగించి, కాగితం చుట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. ఇంత జాగ్రత్త ఎవరికోసమని దారిలో ఒకసారి తన్ను తాను అడిగాడు. అన్నకోసమే అని జవాబు చెప్పుకుని, ఆ జవాబును మళ్ళీ తిప్పి చూడలేదు.

అన్న తాగుడు మానేసి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆ ఇంట్లో ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. మొన్న అన్నే ఫోన్ చేసి, "చిన్నోడా, ఒకసారి నాన్న చేసినట్టు చీజ్ మిరపకాయలు వేయించుకుందాంరా," అన్నాడు. నాన్న చేసినట్టు అంటే జారుడు పిండిలో చివరగా కాస్త బ్రాందీ పడాలి. అన్న తెలిసే అడిగాడా, మరిచి అడిగాడా అన్నది తమ్ముడికి తేలలేదు. అడిగి తేల్చుకోవడానికి నోరు రాలేదు. ఆ కాస్త వాసనకే అన్న మళ్ళీ మొదటికి వస్తే ఆ పాపం ఎవరిది?

నాన్న ఒక బార్ వెనక వంటింట్లో పనిచేసేవాడు. సెలవు రోజుల్లో కొడుకులిద్దరూ వెంట వెళ్ళేవారు. పిండి కలిపే చెయ్యీ, అందులో బ్రాందీ పోసే చెయ్యీ ఒకటి కాకూడదని ఆయన పట్టుదల. కలిపేవాడికి తన బలమే వినిపిస్తుంది గాని పిండి వినిపించదనేవాడు. అందుకని ఆయన కలిపేవాడు, అన్న పోసేవాడు. చెక్క గరిటె బేసిన్ అంచుకు తగిలే మొద్దు చప్పుడు పలచబడగానే అన్న చెయ్యి దానంతటదే ఆగేది. నాన్న ఒక్కనాడూ చాలు అనలేదు. కాయల్లో చీజ్ కూరే పని తమ్ముడిది. ఆ చప్పుడు అతని చెవిన పడింది గాని మనసులో నిలవలేదు.

అన్న గుమ్మంలోనే ఎదురయ్యాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. వంటింట్లో వదిన చేతులకు నూనె రాసుకుని లావుపాటి పచ్చి మిరపకాయలకు నిలువునా గాట్లు పెడుతోంది.

"రావయ్యా మరిదీ. తినే వేళకు వస్తావనుకున్నాను, చేసే వేళకే వచ్చావు. ఒంట్లో బాగానే ఉందా?"

"నువ్వు పని చెబుతావని తెలిసుంటే ఒంట్లో బాగుండేది కాదు వదినా."

ముగ్గురూ కూర్చున్నారు. అన్న చెంచా కాడతో గింజలు గీకి తీశాడు. తమ్ముడు తురిమిన చీజ్‌లో వెల్లుల్లి ముక్కలు కలిపి కాయల్లో కూరి, గాటు పైకి ఉండేలా తడిగుడ్డ మీద వరసగా పడుకోబెట్టాడు. గింజల ఘాటుకు వదిన తుమ్మింది. "మీ నాన్న చేతికింద పని నేర్చుకుని కూడా ఇంత ఘాటు లేపుతారేంటి," అని విసుక్కుంది. అన్న నవ్వాడు. ఆ నవ్వులో తమ్ముడికి పాత వంటింటి పొగ, నాన్న భుజం మీది తువ్వాలు, మూడు నీడలు పడిన గోడ కళ్ళముందు కదిలాయి. ఆ కాలంలో తాను సుఖంగా ఉన్నాడో, ఉన్నానని ఇప్పుడు అనుకుంటున్నాడో అతనికి తెలియదు. తేడా ఉందని మాత్రం తెలుసు.

మైదా, మొక్కజొన్న పిండి, చల్లటి నీళ్ళు బేసిన్‌లో కలిశాయి. నూనె కాగుతోంది. ఇక చివరి పని.

"అన్నయ్యా, ఉప్పు లేదనుకుంటా. కొట్టుదాకా వెళ్ళొస్తావా?"

వదిన తలెత్తింది. "నీ మోచేతి దగ్గరున్న డబ్బా నిండా ఉప్పే గదా."

అన్న తమ్ముడి ముఖం చూశాడు. ఆ తరవాత చొక్కా చూశాడు.

"జేబులో ఏంటది?"

"దగ్గు మందు."

"నీకు దగ్గెప్పుడొచ్చింది?"

తమ్ముడు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. మూత తీయనక్కర లేకపోయింది. వదిన ముఖం మారిపోయింది. కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకుంది.

"నువ్వు తెస్తావని నాకు తెలుసు. అడిగింది నేనేగా," అన్నాడు అన్న. "కానీ తెచ్చానని చెబుతావనుకున్నాను. ఏడాదిగా మీరంతా నా చుట్టూ మునివేళ్ళ మీద నడుస్తున్నార్రా. అది నాకు వినపడదనుకున్నావా?"

తమ్ముడు తల వంచుకున్నాడు. అన్నను కాపాడుతున్నాననుకున్నాడు. నిజానికి ఒక మాటనుంచి తన్ను తాను కాపాడుకున్నాడు. ఇన్నాళ్ళూ దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు.

"పారబోసేస్తాను."

"వద్దు. నాన్న చేసినట్టు కావాలన్నాను. అలాగే చెయ్యండి. నేను మాత్రం పొయ్యను. నా చెయ్యి మీద నాకింకా అంత నమ్మకం లేదు. నమ్మకం ఉందని చూపించుకోవడానికి పోస్తే అది ఇంకా తప్పు." లేచి వరండాలోకి నడిచాడు. వీధివైపు తిరిగి నిలబడి, "నువ్వు కలుపు. నాకిక్కడికి వినిపిస్తుంది," అన్నాడు.

"మరి పోసేదెవరు?"

వదిన సీసా అందుకుంది. "ఈ చేత్తో ఎన్ని సీసాలు తూములో పోశానో నాకే తెలియదు. మొదటిసారి గిన్నెలో పోస్తున్నాను." గొంతులో నవ్వుంది. సీసాను మాత్రం రెండు చేతులా పట్టుకుంది.

తమ్ముడు గరిటె తిప్పాడు. వదిన సన్నని ధారగా వంచింది. వరండాలోని వీపు కదలలేదు.

"ఇంకాస్త," అన్నాడు అన్న అటు తిరిగే. గరిటె తిరుగుతూనే ఉంది. "ఇంకాస్త... ఆపు."

ఆమె ఆపింది. మిగిలినది అలవాటు ప్రకారం తూములో పోసి, నీళ్ళు వదిలి, సీసా కడిగింది. పిండిలో ముంచిన కాయలు నూనెలో పడి చిటపటలాడాయి. అన్న అప్పుడు లోపలికి వచ్చాడు.

మొదటి కాయను అతను నెమ్మదిగా విప్పాడు. బంగారు రంగు పైపొర ఒలిచి తమ్ముడి పళ్ళెంలో పెట్టాడు. లోపలి కాయా, సాగుతున్న చీజూ తన పళ్ళెంలో ఉంచుకున్నాడు.

"తిను. నాన్నది వచ్చిందా చెప్పు."

తమ్ముడు కొరికాడు. పొర పెళపెళా విరిగింది. వచ్చింది, అంతా వచ్చింది. ఆ రుచిలో తానొక్కడే ఉన్నాడు.

"వచ్చింది," అన్నాడు.

అన్న తృప్తిగా తలూపి, కారానికి ఎగపీలుస్తూ తన వంతు తిన్నాడు. కాసేపటికి, "మళ్ళీసారి ఉత్త సోడాతో చేద్దాం," అన్నాడు.

"సోడాతో ఇలా రావు అన్నయ్యా."

"రాకపోతే రానీ. నువ్వు కలుపు, నేను పోస్తాను."