తెరిచిన కళ్లు

శామీర్‌పేట చెరువు దగ్గర దొరికిన గుర్తు తెలియని శవం ఫొటో పొద్దున పదింటికి స్రవంతి కంప్యూటర్‌కు వచ్చింది. మేడ్చల్‌లో ఒక చిన్న యూట్యూబ్ వార్తల ఛానెల్‌లో ఫొటోలు సరిచేయడం ఆమె పని. యాభై ఏళ్ల మనిషి. నుదురు పగిలి, చెంప చీరుకుపోయి ఉంది.

"ఉన్నదున్నట్టు ఎయ్యి," అన్నాడు ఛానెల్ నడిపే జైపాల్. "ఇంటోళ్లు గుర్తుపట్టాలె గదా."

"గిట్ల చూడాల్నా సార్? ఇంట్ల పిల్లలుంటరు."

"మసక చేస్తే ఎవరు గుర్తుపడ్తరు?"

ఆ మాటా నిజమే. స్రవంతి మధ్యాహ్నం దాకా కూర్చుంది. నెత్తురు తుడిచింది. గాయాలు పూడ్చింది. అయినా మూసుకున్న కళ్లతో ఇంకా శవంలాగే ఉన్నాడు. కంప్యూటర్‌లోనే రెండు కళ్లూ తెరిచింది. అప్పుడు తెలియకుండానే కుర్చీ వెనక్కి జరుపుకుంది. జైపాల్ చూసి తలూపాడు. తెలిసినవారు ఫోన్ చేయమని రాసి ఆ ఫొటో వేశారు.

సాయంత్రానికి తొమ్మిది ఫోన్లు వచ్చాయి. పేరు ఎవరూ చెప్పలేదు. అందరూ ఆయన్ని చూశామనే అన్నారు. అల్వాల్‌లో బడి ముందు నిలబడ్డాడట. నాగారంలో మంగలి షాపులో అద్దం చూసుకుంటున్నాడట.

"ఎప్పుడు చూసిన్రమ్మా?" అని స్రవంతి ఒకామెను అడిగింది.

"ఇప్పుడే. మా గేటు కాడ నిలవడి లోపలికి చూస్తాండు. ఏం గావాలె అంటే మాట్లాడతలేడు."

శవం ముందురోజు నుంచే మార్చురీలో ఉంది. ఆ మాట చెప్పలేక స్రవంతి ఫోన్ పెట్టేసింది.

మూడో రోజు పొద్దున్నే కుత్బుల్లాపూర్ నుంచి వర్ష అనే అమ్మాయి, తన నాయనమ్మ బాలనర్సమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. వర్ష నాయిన సెంట్రింగ్ పనికి పోతే వారం దాకా ఇంటికి రాడట.

"ఫొటో మొదటి రోజే చూసిన అక్కా. ముక్కు, నోరు మా నాయినవే అనిపించినయి. కానీ ఆయనకు కుడి కన్ను లేదు. చిన్నప్పుడే పోయింది, రెప్ప మూసుకునే ఉంటది. గందుకే వేరేటాయన అనుకున్న. అవ్వనే ఊకుంటలేదు."

స్రవంతి తెర మీద తాను తెరిచిన కుడి కన్ను వైపు చూసింది.

"అసలుది సూపియ్యి బిడ్డా," అంది బాలనర్సమ్మ.

"నువ్వు చూడలేవవ్వా."

"నేను గన్నోడు. నేను సూడకుంటే ఎవరు సూస్తరు?"

స్రవంతి అసలు ఫొటో తెరిచింది. వర్ష మొహం తిప్పుకుంది. అవ్వ తిప్పుకోలేదు. పగిలిన నుదుటిని దాటి, మూసుకున్న కుడి రెప్ప మీద వేలు పెట్టింది. "నా నారాయణనే," అంది. చాలాసేపు వేలు తీయలేదు.

తరువాత పక్కనున్న రెండో ఫొటోను చూసింది. "మరి గీయనెవరు?"

"నేను జేసిన తప్పవ్వా. తీసేస్త," అంది స్రవంతి.

మరునాడైతే ఆ శవాన్ని అనాథ శవమని పూడ్చిపెట్టేవాళ్లు. జైపాల్ తన కారులోనే వాళ్లను మార్చురీకి తీసుకెళ్లాడు. సాయంత్రానికి దహనం అయిపోయింది. ఛానెల్‌లో పాత ఫొటో తీసేసి, వర్ష పంపింది వేశారు. అందులో నారాయణ ఇంటి మెట్ల మీద కూర్చుని ఒంటికన్నుతో నవ్వుతున్నాడు.

కానీ స్రవంతి చేసిన మొహం అప్పటికే ఎన్నో వాట్సాప్ గ్రూపులకు పోయింది. ఆయన్ని చూశామనే ఫోన్లు ఆగలేదు. ఆ మొహం కనిపిస్తుందేమోనని ఎదురొచ్చే మగవాళ్ల మొహాలు చూడటం ఆమె మానేసింది. శుక్రవారం ఇంటికి పోయే లోకల్ రైలులో ఎవరో వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. ఆ మనిషి కదల్లేదు, మాట్లాడలేదు. బొల్లారం దాకా ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు కూడా తలెత్తలేదు.