అప్‌డేట్‌కు ముహూర్తం

వెంకట్రావ్ ముహూర్తం చూడకుండా ఏ పనీ మొదలుపెట్టడు. నాందేడ్ వజీరాబాద్‌లో ఉన్న తన స్టీలు సామాన్ల దుకాణానికి రంగు వేయించాలన్నా పంచాంగమే, ఇంటికి మిక్సీ తేవాలన్నా పంచాంగమే. అలాంటి మనిషి చేతిలో భార్య విమలాబాయి తన ఫోను పెట్టి, అప్‌డేట్ చేయమని ఇది రోజూ సతాయిస్తోంది, చేయాలో వద్దో చెప్పమంది. ఇంకేం కావాలి ఆయనకు.

మామూలు రోజుల్లో అయితే అదంత పెద్ద సంగతేమీ కాదు. కానీ గురువారం విమలాబాయి అన్న కూతురు శుభాంగి పెళ్లి. ఆ పిల్లంటే ఆమెకు ప్రాణం. పెళ్లికి మంగళాష్టకాలు తానే కట్టింది, సగం తెలుగులో, సగం మరాఠీలో. అడ్డుతెరకు ఇటూ అటూ పిల్లా పిల్లగాడూ నిలబడి ఉండగా మేనత్త పాడాలి. ప్రతి చరణం చివర "శుభ మంగళ సావధాన" అనగానే జనం అక్షింతలు చల్లాలి. పాటలో రెండు వైపుల చుట్టాల పేర్లూ రావాలి. ఒక్క పేరు తప్పిందా, ఆ చుట్టం మూతి ముడుచుకుంటాడు, రాకపోకలు బందవుతాయి. అన్ని పేర్లు గుర్తుండవు గనక చూసి పాడదామని పాటంతా ఫోనులో పెట్టుకుంది.

ఆ ఫోనుకేమో ఈ మధ్య మొండితనం పట్టుకుంది. చరణం మధ్యలో బిగుసుకుపోతే వేలితో ఎంత తోసినా కదలదు.

"అప్‌డేట్ చేస్తే మంచిగైతది నాయినా," అంది కూతురు నేహ. "చెయ్యకుంటే మండపంల గూడ గిట్లనే ఆగుతది."

"చేస్తే నా పాట పోదా?" అంది విమలాబాయి దిగులుగా.

"పోదమ్మా. గాని అది అయ్యేదాంక ఫోను పని చెయ్యది."

"నాకేం సమజైతలేదు. మీరే తేల్చుండ్రి," అని విమలాబాయి భర్త నెత్తిన పడేసి వంటింట్లోకి వెళ్లింది.

వెంకట్రావ్ ఎటూ తేల్చుకోలేక గిలగిల్లాడాడు. చేయకపోతే పాట ఆగుతుందేమోనని భయం, చేస్తే పాటే పోతుందేమోనని భయం. నలుగురిలో భార్య నవ్వులపాలైతే తాను తట్టుకోలేడు. చివరికి చేయడమే మేలనుకున్నాడు. మరి ఎప్పుడు? ఆ రోజు అమావాస్య. మరునాడు పాడ్యమి, ఆ ఇంట్లో కొత్త పని ముట్టుకోరు. గురువారం విదియ దివ్యంగా ఉంది, ఆ మధ్యాహ్నం ఒకే ఒక్క ఘడియ ఏ దోషమూ లేకుండా దొరికింది. ఫోను కూడా ఎంతో మర్యాదగా, ఎప్పుడు మొదలుపెట్టమంటారని అడిగింది. ఆయన ఆ ఘడియ పెట్టి, సరేనని నొక్కి, హాయిగా ఊపిరి వదిలాడు.

"అంత పక్కా చేసిన, ఫికర్ చెయ్యకు," అన్నాడు భార్యతో. పని అయిపోయిందనే అనుకుందామె.

ఆ పంచాంగమే పురోహితుడి దగ్గరా ఉంటుందనీ, దోషం లేని ఘడియ ఒక్కటే ఉంటే ఆయనా దాన్నే పెళ్లికి పట్టుకుంటాడనీ మన షావుకారుకు తట్టలేదు. ఆ ఘడియే అచ్చయిన శుభలేఖలు ఇంటింటికీ పంచింది కూడా తానే.

గురువారం మండపం కిటకిటలాడుతోంది. పెళ్లికొడుకు సూర్యకాంత్ తరఫువాళ్లు ముఖేడ్ నుంచి బస్సు నిండా వచ్చారు. అడ్డుతెర పట్టారు. విమలాబాయి మైకు అందుకుని దేవుళ్ల చరణం బాగా పాడింది. చుట్టాల చరణం ఎత్తుకోబోతుంటే ఫోను నల్లబడి, మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలైంది.

"గిదేంది?" అంది మైకును చేత్తో మూసి.

"టైము ఎప్పటికి పెట్టినవ్ నాయినా?" అంది నేహ.

"మంచి ఘడియ సూసే పెట్టిన..." అంటూ ఉండగానే వెంకట్రావ్‌కు విషయం బోధపడింది.

"కానీయుండ్రి బాయీ, ఘడియ దాటిపోతది," అన్నాడు పురోహితుడు.

విమలాబాయి ఫోనును భర్త చేతుల్లో పెట్టి తలెత్తింది. ఏ పేర్లు మరిచిపోతానని భయపడిందో, ఆ పేర్ల మనుషులంతా గుప్పిట్లో అక్షింతలతో ఎదురుగానే నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ల ముఖాలు చూస్తూ పాడింది. ముందు వరుసలో పెళ్లికొడుకు మామ అంబాదాస్, పక్కన పచ్చచీరలో రూపాలి, స్తంభానికి ఆనుకున్న ముత్తన్న. కన్ను ఎటు పోతే పేరు అటే వచ్చింది. ఫోనులో లేనివాళ్లూ పాటలోకి వచ్చేశారు. వెనక కుర్చీలో కూర్చున్న ముసలి ఎంకవ్వ వచ్చింది, గరిటెతో సహా తొంగిచూస్తున్న వంట దేవిదాస్ వచ్చాడు. తమ వంతు ఎప్పుడొస్తుందా అని జనం మెడలు చాచి ముందుకు జరిగారు.

ఆఖరి చరణానికి పేర్లు అయిపోయాయి. ఆమె చూపు వెతికి వెతికి భర్త మీద ఆగింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆయన పేరు నోటితో పలకలేదు. పేరంటాల్లో ప్రాస కట్టి మొగుడి పేరు చెప్పమని ఆడవాళ్లు ఎంత పట్టుబట్టినా నవ్వి తప్పించుకునేది.

"పిల్ల లగ్నం ఘడియకే ఫోనుకు లగ్నం పెట్టినోడు,
ఎన్నడు నేను పిలువని పేరు, వెంకట్రావ్ నా తోడు,
శుభ మంగళ సావధాన."

అడ్డుతెర జారింది. మండపమంతా నవ్వు. అక్షింతల్లో సగం పిల్లా పిల్లగాడి మీద పడితే, మిగతా సగం వెంకట్రావ్ మీదే పడ్డాయి. ఆయనకు కళ్లు చెమర్చాయి. తన పేరు ఇంత బాగుంటుందని ఆయనకు ఇన్నేళ్లుగా తెలియదు.

బాజాల మోతలో ఆమె పక్కకు చేరి, "ఇంకోపారి అనరాదూ," అన్నాడు.

విమలాబాయి ముఖం ఎర్రబడింది. "వంటకాడికి పోయి సూడుండ్రి, వడ్డించేటోళ్లు తక్కువున్నరు," అని కొంగు సర్దుకుంది.

వెంకట్రావ్ నెత్తి మీది అక్షింతలు దులుపుకోకుండానే వెళ్లి, వచ్చిన వాళ్లందరికీ తానే వడ్డించాడు.