మిరపకాయల వసారా

మా ఇంట్లో మనుషుల తర్వాత విలువైనది ఏదంటే వసారా నేలే. విజయపురి సౌత్‌లో సాగర్ డ్యామ్ పాత క్వార్టర్లు పడగొట్టినప్పుడు మా మామయ్య దేవదాసు వాటి టేకు పలకలను వేలంలో పాడి, లారీకెత్తించి గురజాల తెచ్చాడు. రెండు మెట్ల ఎత్తున వసారాలో పరిపించాడు. ఆయన పోయాక వాటి మీద నులకమంచం వేసుకుని మా అత్త జ్ఞానమ్మ బతుకుతోంది.

బతుకుతోందని ఊరికే అనలేదు. ఆమెకు ఉబ్బసం. గదిలో పడుకుంటే కాసేపటికే లేచి కూర్చుంటుంది. వసారాలో గాలి తగిలితేనే నిద్ర. నిరుటి వానలకు అంచు పలకలు నాని, కాలు పెడితే మెత్తగా దిగుతుంటే నాకు భయం పట్టుకుంది. ఈ వానల్లోపు పైపొర గీకి వార్నిష్ కొట్టకపోతే ఆ నేల ఉండదు, నేల పోతే ఆమెకు నిద్ర ఉండదు. మా ఆయన బాబీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. నా నోటికి జడిసి చివరికి మాచర్ల నుంచి గీకే మిషన్ అద్దెకు తెచ్చాడు.

"వార్నిష్ వాసన అమ్మకు పడదు. సబీహా వాళ్లింట్లో కూర్చోబెట్టు," అన్నాడు.

"ఆ మాత్రం నాకు తెలవదా? నువ్వు చెప్పాలా?"

అత్త ఒక పట్టాన కదలలేదు. "ఏమే హెప్సీ, నా మంచం మళ్లీ ఈడనే వెయ్యాల. తేడా వచ్చిందో, ఊరుకోను."

"వేస్తాలే అత్తా, నడువు. నీకు ఆ మంచం తప్ప లోకం లేదు."

ఎదురింటి సబీహా చాప పరిచి టీ ఇచ్చింది. పీల్చే మందు అత్త చేతిలోనే పెట్టి వచ్చాను. ఆమె అటు వెళ్లేదాకా వార్నిష్ డబ్బా మూత కూడా తీయనివ్వలేదు. అంత జాగ్రత్త మాది.

బాబీ మిషన్ ఆన్ చేశాడు. పలకల మీద నుంచి ఎర్రటి పొడి లేచింది. పాత రంగేమో అనుకున్నాను. అంతలో గొంతు పట్టేసింది, కళ్లు మండాయి. కారం! అత్తకు జబ్బు వచ్చేదాకా ఏటా ఎండుమిరపకాయలు రాశి పోసింది ఆ పలకల మీదే. గచ్చు మీదైతే చెమ్మ లాగుతుందని మామయ్య వాటిని అక్కడే పోయించేవాడు. ఘాటంతా చెక్కలోకి దిగి, పైన నున్నగా తుడుచుకుపోయింది. పుట్టినప్పటి నుంచి మిరప చేలలో తిరిగిన వాళ్లం, వార్నిష్‌కు భయపడి మిరపకాయల్ని మరిచిపోయాం.

"ఆపయ్యా, ఆపు," అని అరిచాను. గాలి అప్పటికే రోడ్డు దాటింది.

"అక్కా, పెద్దమ్మకు ఊపిరి అందట్లా," అంటూ సబీహా పరుగెత్తుకొచ్చింది.

అత్త గోడకు చేరగిలబడి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. మందు పీల్చినా లాభం లేకపోయింది. పెదాలు నల్లబడ్డాయి. సబీహా భర్త రఫీక్ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిపొడుగునా ఆమె నా మణికట్టు వదల్లేదు. దేవా, ఈ పాపం నా మీద వేసి ఈ మనిషిని తీసుకుపోకు అని ఏడ్చాను.

బతికింది. ఆమె ఆసుపత్రిలో ఉండగా బాబీ పలకల్ని తడిగుడ్డతో తుడిచి, కడిగి, ఎండబెట్టి, పొడి లేవకుండా తడి పెడుతూ చేత్తోనే రుద్ది, వార్నిష్ కొట్టాడు. వాసన పోయేదాకా ఆగాం. ఆమె వచ్చే రోజు నేను మంచం పాత చోటే వేసి, ఉతికిన దుప్పటి పరిచాను.

"రా అత్తా, నీ మంచం."

ఆమె మొదటి మెట్టు దగ్గరే నిలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కారమే," అంది.

"లేదమ్మా, చూడు." బాబీ అరచేత్తో పలకను రుద్ది చూపించాడు. చెయ్యి శుభ్రంగా ఉంది.

"మీరు చానా కష్టపడ్డారు, నాకు తెలుసురా. కాలు రావట్లా." చుట్టూ తిరిగి వంటింటి గుమ్మంలోంచి లోపలికి వెళ్లింది.

ఆ వారమే వాన పట్టుకుంది. జల్లు కొడుతుంటే నీళ్లు పలకల మీద నిలవకుండా జారిపోయాయి. ఒక్క చుక్క లోపలికి దిగలేదు. మామయ్య ఉంటే మురిసిపోయేవాడు. మంచం ఖాళీగా ఉంది.

లోపల గదిలో అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఛాతీలో పిల్లికూతలు నాకు వంటింట్లోకి వినిపిస్తున్నాయి. వసారా తలుపు బార్లా తెరిచి పెట్టాను, కాస్త చల్లగాలి తగులుతుందని.

"తలుపెయ్యవే హెప్సీ," అంది ఆయాసపడుతూ. "గాలొస్తంది."

వెళ్లి తలుపు వేశాను.